మీకు తెలుసా? హోటల్‌కు తెల్లవారేది మధ్యాహ్నమే!

సాయంత్రం హైదరాబాద్‌లో గోదావరి ఎక్స్‌ప్రెస్ ఎక్కితే తెల్లవారుజామున విశాఖపట్నంలో దిగుతాం. నారాయణాద్రి ఎక్కితే పొద్దున్నే తిరుపతి. రాత్రి బస్సులూ అంతే. నిద్ర బండిలో కానిచ్చేసి, తెల్లవారేసరికి ఊళ్లో ఉంటే ఒక పగలు కలిసొస్తుందని మనవాళ్లు ఎప్పటినుంచో వేసుకుంటున్న లెక్క. హోటల్ లెక్క వేరు. అక్కడ కొత్త రోజు మొదలయ్యేది మధ్యాహ్నం పన్నెండుకో, రెండింటికో. ఈ రెండు లెక్కల మధ్య ఆరేడు గంటలు మిగిలిపోతాయి. వాటికి హోటళ్లు ఒక ధర కట్టాయి. దాన్నే ఎర్లీ చెకిన్ ఫీజు అంటున్నారు. బండి దిగి, సంచులు మోసుకుంటూ రిసెప్షన్ దగ్గరికి వెళ్లాక ఆ మాట వినడం కంటే, టికెట్ కొన్నరోజే తెలుసుకోవడం మేలు. ఈ వారం సంగతులన్నీ దాని గురించే.

ఒక రోజు అద్దె, 21 గంటల గది

రోజంటే 24 గంటలని మనకు తెలుసు. హోటల్ రోజు అంత పొడుగు ఉండదు. మధ్యాహ్నం 2కు చెకిన్, మర్నాడు ఉదయం 11కు చెక్ అవుట్ అన్నచోట మన చేతికి వచ్చేది 21 గంటలు. పన్నెండుకు ఇచ్చి పదకొండుకు తీసుకునేచోట 23. జపాన్‌లో మధ్యాహ్నం 3కు ఇచ్చి ఉదయం 10కి ఖాళీ చేయమనే హోటళ్లు చాలా ఉన్నాయి. అక్కడ మిగిలేది 19 గంటలే. గది బుక్ చేసేటప్పుడు అద్దె ఒక్కటే చూస్తాం. దాని పక్కనే చిన్న అక్షరాల్లో ఉండే ఈ రెండు వేళలనూ చూస్తే, అదే అద్దెకు రెండు హోటళ్లు ఇచ్చే గంటల్లో తేడా తెలుస్తుంది.

మధ్యాహ్నం రెండు గంటల వేళ ఎక్కణ్నుంచి వచ్చింది?

‘గది ఖాళీగానే ఉంది కదా, ఇస్తే ఏం పోయింది’ అని రిసెప్షన్‌లో వాదన పెట్టుకునేవాళ్లను చూస్తుంటాం. ఖాళీ అయిన గది వేరు, సిద్ధమైన గది వేరు. వెళ్లిపోయినవాళ్ల గదిలో దుప్పట్లు, దిండు గలీబులు అన్నీ మార్చాలి. బాత్రూం కడగాలి. తువ్వాళ్లు, సబ్బులు, తాగునీళ్లు కొత్తవి పెట్టాలి. ఏసీ, గీజర్, టీవీ, కుళాయిలు పనిచేస్తున్నాయో లేదో చూడాలి. ఆ తర్వాత సూపర్‌వైజర్ వచ్చి తనిఖీ చేసి, ‘సిద్ధం’ అని కంప్యూటర్‌లో పెడితేనే రిసెప్షన్‌లో ఉన్నవాళ్లు ఆ గది ఇవ్వగలరు. మంచి హోటల్‌లో ఈ పనికి అరగంట నుంచి ముప్పావుగంట పడుతుంది. అతిథి ఇంకా ఉంటున్న గదిని సర్దడానికైతే అంత పట్టదు.

ఒక చిన్న లెక్క వేసి చూద్దాం. వంద గదుల హోటల్. ఇవాళ అరవై గదులు ఖాళీ అవుతున్నాయి. శుభ్రం చేసేవాళ్లు పదిమంది. తలా ఆరు గదులు. గదికి 40 నిమిషాలు వేసుకుంటే నాలుగు గంటలు. పదకొండుకు పని మొదలుపెడితే ఆఖరి గది తయారయ్యేసరికి మూడు అవుతుంది. చెకిన్ వేళను రెండు, మూడు గంటలకు పెట్టింది ఈ లెక్క మీదే. ముందుగా లేచి వెళ్లిపోయినవాళ్ల గదులు కొన్ని అంతకంటే ముందే సిద్ధమవుతాయి. పదకొండు, పన్నెండు గంటలప్పుడు వచ్చినవాళ్లకు అదనపు రుసుము లేకుండా గది దొరికేది అలాగే.

చాలా దేశాల్లో ఈ పని చేసేది ఎక్కువగా ఆడవాళ్లు. ఎనిమిది గంటల డ్యూటీలో పన్నెండు నుంచి పదహారు గదుల దాకా సర్దుతారు. పరుపు ఎత్తి దుప్పటి మూలలు దోపడం, వంగి బాత్రూం నేల రుద్దడం రోజుకు అన్నిసార్లు! మనం తొందరపెడితే ఆ తొందర చివరికి వాళ్ల నడుం మీద పడుతుంది. గది ఇంకా కాలేదని చెబితే విసుక్కునే ముందు ఈ సంగతి ఒక్కసారి గుర్తుచేసుకోవాలి.

నిన్న రాత్రి ఖాళీ ఉంటేనే ఇవాళ పొద్దున్న గది

పొద్దున ఆరింటికి వెళ్లేవాళ్లకు దొరికే గది ఏది? నిన్న రాత్రి ఎవరూ ఉండని గది. అంతకుమించి దారి లేదు, ఆ వేళకు ఇంకా ఎవరూ ఖాళీ చేసి ఉండరు. కాబట్టి మనం వెళ్లే రోజు రద్దీ ఎంతని కాదు, దాని ముందు రాత్రి రద్దీ ఎంతో చూసుకోవాలి.

హైదరాబాద్ హైటెక్ సిటీ చుట్టుపక్కల హోటళ్లు ఉద్యోగాల పని మీద వచ్చేవాళ్లతో వారం మధ్యలో నిండుతాయి. శని, ఆదివారాల్లో సందడి తగ్గుతుంది. అరకులో దీనికి తలకిందులు. శుక్రవారం రాత్రి నుంచే గదులు దొరకవు. డిసెంబరు, జనవరి చలిరోజుల్లో ఆదివారం పొద్దున్నే వెళ్లి గది అడిగితే ఏ హోటలైనా ఏం చేయగలదు? మంగళవారం వెళ్లండి, అదే హోటల్ పొద్దున ఎనిమిదింటికే తాళం చేతికివ్వొచ్చు. పెళ్లి ముహూర్తాలు దట్టంగా ఉన్న రోజుల్లో చిన్న పట్టణాల్లో లాడ్జీలన్నీ పెళ్లివాళ్లే తీసేసుకుంటారు. రాజమహేంద్రవరమైనా, వరంగల్ అయినా అంతే. తిరుపతిలో బ్రహ్మోత్సవాలు, వైకుంఠ ఏకాదశి సంగతి చెప్పక్కర్లేదు.

మెట్లు మెట్లుగా పెరిగే ఫీజు

మన దేశంలో మధ్యస్థాయి హోటళ్లలో తరచుగా కనిపించే పద్ధతి ఇది. చెకిన్ వేళకు గంట, రెండు గంటల ముందు వెళితే, గది ఉంటే, ఉచితం. ఉదయం ఆరు నుంచి పది మధ్య వెళితే అద్దెలో మూడో వంతు నుంచి సగం దాకా అడుగుతారు. ఆరుకు ముందైతే ఒక రోజు పూర్తి అద్దె. ఒక్కో హోటల్‌ది ఒక్కో లెక్క కాబట్టి అంకెలు మారతాయి, మెట్లు మాత్రం ఇంచుమించు ఇవే.

ఇది గంటకు ఎంత పడుతుందో చూడండి. అద్దె 3,000 రూపాయలు, జీఎస్టీ 5 శాతంతో 3,150. చెకిన్ మధ్యాహ్నం 12, చెక్ అవుట్ 11. అంటే 23 గంటలకు 3,150, గంటకు 137 రూపాయలు. మీరు ఉదయం 7కు వెళ్లారు, సగం అద్దె అడిగారు. పన్నుతో 1,575. పన్నెండు దాకా ఐదు గంటలు, అంటే గంటకు 315. ఉదయం 5కే వెళ్లి పూర్తి అద్దె కట్టారనుకోండి, ఏడు గంటలకు 3,150, గంటకు 450. రోజంతటిలో అతి ఖరీదైన గంటలు ఇవే. డబ్బు ఎక్కువైనా కట్టక తప్పని పరిస్థితులు ఉంటాయి. ఒళ్లో పసిబిడ్డ ఉన్నా, పక్కన పెద్దవాళ్లు ఉన్నా, పదింటికే ఇంటర్వ్యూ ఉన్నా ఆ డబ్బుకు నేను వెనకాడను. ఒక్కణ్నే వెళితే మాత్రం కట్టను. సామాను హోటల్‌లో పెట్టి ఊరు తిరుగుతాను.

కొన్నేళ్ల కిందట అమ్మను తీసుకుని సముద్రం ఒడ్డునున్న ఒక ఊరికి వెళ్లాను. బండి దిగేసరికి ఐదున్నర. హోటల్ ఆన్‌లైన్‌లో బుక్ చేశాను, డబ్బు కూడా ముందే కట్టాను. రిసెప్షన్‌లో కుర్రవాడు పేరు చూసి, ‘మీ రూం పన్నెండింటికండీ. ఇప్పుడే కావాలంటే ఫుల్ డే చార్జీ పడుతుంది’ అన్నాడు. ఆ మాట బుకింగ్‌లో ఎక్కడా కనబడలేదు నాకు. అమ్మకు మోకాళ్ల నొప్పులు. ‘రాత్రంతా బండిలో కూర్చోలేదూ, ఇంకాసేపు ఇక్కడ కూర్చుంటే ఏమవుతుందిలే నాయనా’ అంది. రెండున్నర వేలు మిగిల్చాలని ఆవిడ తాపత్రయం. ముఖం కడుక్కోవడానికి చోటెక్కడని అడగడానికి కూడా మొహమాటపడి, ఆ సోఫాలో అలాగే కళ్లు మూసుకుంది. అరగంట చూసి డబ్బు కట్టేశాను. ఆ డబ్బు గురించి నాకు బాధ లేదు. ఆ అరగంట అమ్మను అక్కడ కూర్చోబెట్టడమే ఇప్పటికీ మనసులో ఉండిపోయింది. ముందురోజు ఒక్క ఫోన్ చేసి ఉంటే అది తప్పేది.

ముందు రాత్రికే బుక్ చేస్తే?

ఐదింటికే చేరేవాళ్లు ఎలాగూ పూర్తి రోజు అద్దె కట్టాల్సి వస్తే, ఆ ముందు రాత్రి నుంచే గది బుక్ చేసుకోవడం తెలివైన పని. కౌంటర్‌లో అప్పటికప్పుడు చెప్పే ధరకంటే ఆన్‌లైన్ ధర తక్కువ ఉండే అవకాశం ఉంది. గది మీ పేరున రాత్రినుంచే ఉంటుంది కాబట్టి దొరుకుతుందా లేదా అన్న దిగులు ఉండదు. ఇంకో లాభం చాలామంది గమనించరు. అద్దెలో టిఫిన్ కలిసి ఉంటే, ముందు రాత్రికి బుక్ చేసినవాళ్లకు ఆ పొద్దున టిఫిన్ కూడా వస్తుంది. ఎర్లీ చెకిన్ ఫీజు కట్టినవాళ్లకు మామూలుగా రాదు. నలుగురున్న కుటుంబానికి అది చిన్న మొత్తం కాదు.

కానీ ఒక జాగ్రత్త చాలా ముఖ్యం. ముందు రాత్రికి బుక్ చేసి, రాత్రి పన్నెండు దాటినా మీరు రాకపోతే ‘రాలేదు’ అని రాసుకుంటారు. హోటల్ భాషలో నో షో. కొన్నిచోట్ల ఆ ఒక్క రాత్రే కాదు, దాని తర్వాతి రాత్రుల బుకింగ్ కూడా మొత్తం రద్దయిపోతుంది. కట్టిన డబ్బు వెనక్కి రాదు. అందుకని ‘మేం తెల్లవారుజామున ఐదింటికి వస్తాం, గది అట్టే పెట్టండి’ అని హోటల్‌కు నేరుగా ఫోన్ చేసి చెప్పాలి, మెసేజ్ కూడా పెట్టాలి.

అర్ధరాత్రి దాటిన విమానం, తప్పిపోయే తేదీ

శంషాబాద్‌లో చాలా అంతర్జాతీయ విమానాలు అర్ధరాత్రి దాటాక దిగుతాయి. టికెట్ మీద ‘10వ తేదీ, రాత్రి 2.30’ అని ఉంటుంది. మనం హోటల్‌ను పదో తేదీకి బుక్ చేస్తాం. అక్కడే పొరపాటు. పదో తేదీ గది మొదలయ్యేది పదో తేదీ మధ్యాహ్నం. రాత్రి రెండున్నరకు మంచం కావాలంటే తొమ్మిదో తేదీకి బుక్ చేయాలి.

హోటళ్లలో తేదీ అర్ధరాత్రి పన్నెండుకే మారదు. రాత్రి డ్యూటీలో ఉన్నవాళ్లు ఆ రోజు జమాఖర్చులన్నీ సరిచూసి లెక్క మూస్తారు. దీన్ని నైట్ ఆడిట్ అంటారు. అది పూర్తయ్యాకే కంప్యూటర్‌లో తేదీ మారుతుంది. అంటే మనకు పదో తేదీ వచ్చేసినా, హోటల్ ఇంకా తొమ్మిదిలోనే ఉండొచ్చు. అమెరికా నుంచో గల్ఫ్ నుంచో వచ్చే పిల్లలకోసం ఇక్కడ గది బుక్ చేసే తల్లిదండ్రులు ఈ ఒక్క విషయం తప్పకుండా చూసుకోవాలి. రాత్రి మూడింటికి లగేజీ బండి తోసుకుంటూ వచ్చి, ‘మీ బుకింగ్ రేపటికండీ’ అనిపించుకోవడం కంటే నరకం లేదు.

ఇక్కణ్నుంచి వెళ్లేటప్పుడూ ఇలాంటిదే ఒకటుంది. హైదరాబాద్‌లో రాత్రి విమానం ఎక్కి సింగపూర్‌లోనో, బ్యాంకాక్‌లోనో పొద్దున్నే దిగుతాం. సింగపూర్ గడియారం మనకంటే రెండున్నర గంటలు ముందుంటుంది. అక్కడ ఆరున్నర అయితే మన ఒంటికి తెల్లవారుజాము నాలుగు. చెకిన్ మధ్యాహ్నం మూడింటికి. నిద్రలేని కళ్లతో ఎనిమిదిన్నర గంటలు నగరంలో తిరగడం పిల్లలున్న కుటుంబానికి ఎంత కష్టమో వెళ్లినవాళ్లకు తెలుసు. ప్యాకేజీ టూర్ కొనేటప్పుడు, ‘మొదటిరోజు గది ఎన్నింటికి ఇస్తారు’ అని ఏజెంటును సూటిగా అడగండి. ‘చేరగానే’ అంటే అది కాగితం మీద రాసివ్వమనండి.

‘స్పెషల్ రిక్వెస్ట్’ మాట ఇచ్చినట్టు కాదు

బుకింగ్ యాప్‌లలో ‘ప్రత్యేక అభ్యర్థనలు’ అని ఒక గడి ఉంటుంది. అందులో ఎర్లీ చెకిన్ కావాలని టిక్ పెట్టి నిశ్చింతగా ఉంటాం. దాని పక్కనే ‘లభ్యతను బట్టి’ అన్న మాట ఉంటుంది. అంటే ఆ కోరిక హోటల్‌కు చేరింది, అంతే. ఒప్పుకున్నారని కాదు, ఉచితమనీ కాదు. హోటల్ నుంచి ‘ఫలానా వేళకు గది ఇస్తాం, ఇంత తీసుకుంటాం’ అని మెసేజ్‌లోనో మెయిల్‌లోనో వస్తేనే అది మాట. అది ఫోన్‌లో భద్రంగా ఉంచుకోండి. అలా ఒప్పుకుని డబ్బు తీసుకుని కూడా గది ఇవ్వకపోతే అది సేవాలోపం. జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేసి ఫిర్యాదు చేయొచ్చు. ఏ వేళకు గది ఇవ్వాలన్నది హోటల్‌కూ మనకూ మధ్య ఒప్పందమే కనుక, రాతలో ఉన్నదానికే బలం.

బస్టాండు లాడ్జి గొప్పతనం

పెద్ద హోటళ్లకు సాధ్యంకానిది మన ఊళ్లలో బస్టాండు, రైల్వేస్టేషన్ దగ్గరి లాడ్జీలు ఏనాడో చేసి చూపించాయి. ‘24 గంటల చెక్ అవుట్’ అన్న బోర్డు చూసే ఉంటారు. ఉదయం ఐదింటికి దిగితే మర్నాడు ఉదయం ఐదు దాకా గది మీదే. సాయంత్రం ఏడింటికి దిగితే మర్నాడు ఏడు దాకా. రాత్రి బండిలో వచ్చి రాత్రి బండిలో వెళ్లిపోయేవాళ్లకు ఇంతకంటే న్యాయమైన పద్ధతి లేదని నా అభిప్రాయం. ఏ గది ఎప్పుడు ఖాళీ అవుతుందో ఒక్కోదానికి ఒక్కో లెక్క పెట్టుకోవాలి, శుభ్రం చేసేవాళ్లు రాత్రీపగలూ ఉండాలి. ఇరవై ముప్పై గదుల లాడ్జికి అది కుదురుతుంది. రెండు వందల గదుల హోటల్‌కు కష్టం.

రైలు దిగినవాళ్లకు వెంటనే తల దాచుకునే చోటు ఉండాలన్న ఆలోచన ఇక్కడ కొత్తది కాదు. హైదరాబాద్ నాంపల్లి స్టేషన్ ఎదుట ఏడో నిజాం మీర్ ఉస్మాన్ అలీఖాన్ 1919లో కట్టించిన సరాయి అందుకోసమే. విశాఖపట్నంలో కలెక్టర్ టర్నర్ పేరున వెలిసిన సత్రమూ ప్రయాణికుల కోసమే.

తిరుపతిలో ఈ సంప్రదాయం ఇంకా బతికే ఉంది. రైల్వేస్టేషన్ ఎదురుగా విష్ణు నివాసం, బస్టాండు ఎదురుగా శ్రీనివాసం తిరుమల తిరుపతి దేవస్థానానివే. కొండమీద గది 24 గంటల లెక్కన ఇస్తారు. 2023 మార్చి నుంచి గది ఇచ్చేటప్పుడూ, డిపాజిట్ వెనక్కి ఇచ్చేటప్పుడూ ముఖం గుర్తించే పద్ధతి పెట్టారు. అందుకే గది ఎవరి పేరున తీసుకుంటే వాళ్లే ఖాళీ చేసేటప్పుడూ ఉండాలి. గది దొరకనివాళ్లకు యాత్రికుల వసతి సముదాయాల్లో హాళ్లు, సామాను పెట్టుకునే లాకర్లు ఉన్నాయి. వాటికి ఒక్క రూపాయి కూడా తీసుకోరు. స్నానం చేసి, బట్టలు మార్చుకుని దర్శనానికి వెళ్లడానికి అది చాలు.

టికెట్ చేతిలో ఉంటే స్టేషన్‌లోనే గది

రైల్వే రిటైరింగ్ రూంల గురించి తెలిసినవాళ్లు కూడా వాటిని మరచిపోతుంటారు. ఐఆర్‌సీటీసీలో పీఎన్‌ఆర్ నంబరు కొట్టి మీరు ఎక్కే స్టేషన్‌లో గానీ, దిగే స్టేషన్‌లో గానీ గది బుక్ చేసుకోవచ్చు. టికెట్ కన్‌ఫర్మ్ అయినా, ఆర్‌ఏసీలో ఉన్నా చాలు. వెయిటింగ్ లిస్టుకు ఇవ్వరు. గరిష్ఠంగా 48 గంటలు. కొన్ని స్టేషన్లలో గంటల లెక్కన కూడా ఇస్తారు. తెల్లవారి నుంచి మధ్యాహ్నం దాకా ఒక గది చాలనుకునేవాళ్లకు హోటల్ ఎర్లీ చెకిన్ ఫీజు కంటే ఇది చాలా చవక. పైగా రిటైరింగ్ రూం, వెయిటింగ్ రూం, క్లోక్ రూం సేవల మీద 2024 జులై 15 నుంచి జీఎస్టీ కూడా లేదు. క్లోక్ రూంలో సామాను పెట్టాలంటే పెట్టెకూ, సంచికీ తాళం వేసి ఉండాలి. తాళం లేనిది తీసుకోరు. ఇంటి దగ్గరే ఒక చిన్న తాళం సంచిలో వేసుకోండి.

జపాన్‌లో పుట్టిన, పడుకునేంత చోటే ఉండే పాడ్ గదులు మన స్టేషన్లకూ వచ్చాయి. 2021 నవంబరులో ముంబయి సెంట్రల్‌లో మొదలయ్యాయి. 2025లో విశాఖపట్నం స్టేషన్‌లో మొదటి ప్లాట్‌ఫారం మీద 88 పడకలతో పెట్టారు. ఆడవాళ్లకు విడిగా చోటుంది. మూడు గంటలకు ఒక ధర, రోజంతటికీ ఒక ధర. ఒంటరిగా ప్రయాణించే అమ్మాయిలు తెల్లవారుజామున తెలియని ఊళ్లో ఆటో ఎక్కి హోటల్ వెతుక్కోవాల్సిన అవసరం లేకపోవడమే ఇందులో నాకు నచ్చింది.

ఆలస్యంగా వెళ్లనిస్తారు, ముందుగా రానివ్వరు

కొన్ని పెద్ద హోటల్ గొలుసుల్లో పై స్థాయి సభ్యత్వం ఉన్నవాళ్లకు లేట్ చెక్ అవుట్ హామీగా ఇస్తారు. మారియట్‌లో ప్లాటినం సభ్యులకు సాయంత్రం 4 దాకా ఉండే హక్కు ఉంది, రిసార్టులు, కన్వెన్షన్ హోటళ్లు తప్ప. ఎర్లీ చెకిన్‌కు మాత్రం అలాంటి హామీ అంత సులభంగా దొరకదు. ఎందుకంటే లోపల ఉన్న మనిషిని ఇంకాసేపు ఉండనివ్వడం హోటల్ చేతిలో పని. వేరే అతిథి ఇంకా నిద్రపోతున్న గదిని మనకివ్వడం ఎవరి చేతిలోనూ లేదు.

దీనికీ ఒకటి రెండు మినహాయింపులున్నాయి. మారియట్‌లోనే అన్నిటికంటే పై మెట్టు సభ్యులు తాము చేరే వేళను తామే ఎంచుకుని, అక్కణ్నుంచి 24 గంటలు గది అడగొచ్చు. రెండు రోజుల ముందు చెప్పాలి, హోటల్ ఒప్పుకోవాలి. హాంగ్‌కాంగ్‌లో 1928లో మొదలైన పెనిన్సులా హోటళ్లు 2021లో ఇంకో అడుగు వేశాయి. హోటల్ దగ్గరే నేరుగా బుక్ చేస్తే ఉదయం 6కే గదిలోకి వెళ్లొచ్చు, వెళ్లే రోజు రాత్రి 10 దాకా ఉండొచ్చు. అదనంగా ఏమీ తీసుకోరు. అద్దె మనలో ఎక్కువమందికి అందేది కాదు, నిజమే. అయినా తలచుకుంటే ఎలా చేయొచ్చో దీనివల్ల తెలుస్తోంది.

అమెరికాలో కొత్త నిబంధన, అది తాకని ఫీజు

పిల్లల దగ్గరికి అమెరికా వెళ్లే మన పెద్దవాళ్లు లాస్ వేగస్, ఓర్లాండో తిరిగి వస్తుంటారు. అక్కడ చెకిన్ మూడు, నాలుగు గంటలకు. లాస్ వేగస్ రిసార్టులు చాలావాటిలో ముందుగా గది కావాలంటే విడిగా డబ్బు కట్టాలి. అమెరికా ఫెడరల్ ట్రేడ్ కమిషన్ తెచ్చిన నిబంధన 2025 మే 12న అమల్లోకి వచ్చింది. హోటళ్లు తప్పనిసరిగా వసూలు చేసే రుసుములన్నీ కలిపి మొత్తం ధరను మొదటే చూపించాలని దాని సారాంశం. అద్దెకు తోడు తప్పనిసరిగా వేసే రిసార్ట్ ఫీజు అందులోకి వస్తుంది. ఎర్లీ చెకిన్ మనం కోరుకుంటేనే కట్టేది కాబట్టి రాదు. మొదట కనిపించిన మొత్తంలోనే అంతా ఉందనుకుని పొద్దున్నే వెళితే, అక్కడ ఇంకో అంకె చెబుతారు.

పన్ను ఎంత?

మన దేశంలో 2022 జులై 18కి ముందు రోజుకు 1,000 రూపాయల లోపు గదులకు జీఎస్టీ లేదు. ఆ రోజు నుంచి వాటికీ 12 శాతం పడింది. 2025 సెప్టెంబరు 22 నుంచి 7,500 రూపాయల దాకా ఉన్న గదులన్నిటికీ 5 శాతం, ఆ పైన 18 శాతం. ఎర్లీ చెకిన్ ఫీజు కూడా గది సేవలో భాగమే, దాని మీదా పన్ను ఉంటుంది. అందుకే బిల్లులో ఆ ఫీజు విడిగా కనబడాలి. బిల్లు లేకుండా, ‘సార్, చేతికి ఒక ఐదొందలు ఇచ్చేయండి, చూసుకుంటాం’ అంటే ఒప్పుకోకండి. ఆ డబ్బుకు లెక్క ఉండదు, రేపు ఏదైనా తేడా వస్తే అడగడానికి కాగితమూ ఉండదు.

హోటళ్లవాళ్లకు ఒక మాట

మీ ఇబ్బందులు మాకు తెలుసు. పన్నెండులోపు గది ఇవ్వలేకపోవచ్చు, ఇస్తే డబ్బు తీసుకోవడంలో తప్పూ లేదు. రెండే అడుగుతున్నాం. ఏ వేళకు వస్తే ఎంత తీసుకుంటారో ఆ పట్టికను బుకింగ్ పేజీలోనే, అద్దె పక్కనే, తెలుగులో పెట్టండి. రాత్రి బండి దిగి పొద్దున్నే వచ్చేవాళ్ల కోసం కింది అంతస్తులో ఒక్క స్నానాలగది తెరిచి ఉంచండి. ఒక బకెట్ వేడినీళ్లు, లోపల గొళ్లెం పడే తలుపు, బట్టలు తగిలించడానికి ఒక కొక్కెం ఉంటే చాలు. మా అమ్మలాంటివాళ్లు ఆ పొద్దున ముఖం కడుక్కుని, చీర మార్చుకుని, పన్నెండు దాకా హాయిగా ఎదురుచూస్తారు.